తలారి, తాళం, సైకిలు స్టాండు

పట్నం పోయినప్పుడు సైకిలు ఎక్కడ నిలపాలి, తిరిగి వచ్చేసరికి అది అక్కడ ఉంటుందా అన్న చింత మన చరిత్ర గ్రంథాలలో ఎక్కడా కనబడదు. రాజుల ఏనుగులూ గుర్రాలూ శాసనాలకు ఎక్కినంత సులువుగా సామాన్యుని వాహనం చరిత్రకు ఎక్కదు. అయినా ఒక్క తరం వెనక్కు వెళ్ళి చూస్తే ఈ చింత ఎంత పెద్దదో తెలుస్తుంది. పెళ్ళిమాటల్లో వాచీ, రేడియో, సైకిలు అని మూడు వస్తువులను ఒకే ఊపిరిలో పలికిన కాలం అది. అప్పు చేసి కొన్న సైకిలు, అత్తవారు పెట్టిన సైకిలు, పాలవాడికీ తపాలా జవానుకూ బట్టల మూటలవాడికీ పొయ్యి వెలిగించే సైకిలు. అది పోయిందంటే వస్తువు ఒక్కటే పోలేదన్నమాట. కొలువు పోవచ్చు, చదువు ఆగవచ్చు, అత్తింటితో మాట పట్టింపు రావచ్చు.

మా ములకలపల్లి వైపు ఊళ్ళలో సైకిలుకు తాళం వేయడం చాలాకాలం ఎవరికీ అలవాటు లేదు. వేపచెట్టుకో పాక గుంజకో ఆనించి పొలం పోయేవారు, అడవిలో తునికాకు కోతకు పోయేవారు. ఇందుకు కారణం మనుషుల మంచితనమే అని నేననను. దొంగిలించి ఏం చేసుకోగలడు? ఏ సైకిలు ఎవరిదో ఊరందరికీ తెలుసు. వంగిన మడ్‌గార్డు, సీటు మీద కుట్టిన గుడ్డ, గంట మోగే తీరు, చివరికి చైను చేసే చప్పుడు కూడా గుర్తే. పక్క గూడేనికి పోయినా “ఇది ఫలానావారి బండి కదా, నీ చేతికెలా వచ్చింది?” అని అడిగేవాడు ఉంటాడు. అంటే ఊళ్ళో సైకిలును కాచినది ఆ ఎరుకే. పాల్వంచ దాటి కొత్తగూడెం చేరేసరికి ఆ ఎరుక అయిపోతుంది. అక్కడ నల్లసైకిళ్ళు వందలు, మన సైకిలు ముఖం ఎవరికీ తెలియదు. ఆ కరిగిపోయిన ఎరుకకు బదులుగా పట్నం ఏమేమి కల్పించుకున్నదో, అందులో ఏది పనిచేసిందో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట పాత కథ కొంత చెప్పుకోవాలి. దొంగతనాన్ని ఒక విద్యగా ఎంచి వినోదించిన సాహిత్యం మనది. శూద్రకుని మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నం వేయబోతూ ఆ కన్నం ఏ ఆకారంలో ఉంటే అందంగా ఉంటుందా అని ఆలోచిస్తాడు. కొలతాడు మరిచిపోయి జందెంతో కొలుస్తాడు, బిగించిన తలుపులు తెరవడానికీ జందెం పనికివస్తుందని మురుస్తాడు. దండి దశకుమారచరితంలోని అపహారవర్మ చౌర్యశాస్త్రకర్తగా పేరుపడ్డ కర్ణీసుతుని మార్గం పట్టినవాడు. ఈ దశకుమారచరిత్రను 13వ శతాబ్దంలో తెనిగించి తిక్కనకు అంకితమిచ్చిన కేతన, మితాక్షరను కూడా విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెనిగించాడు. దొంగల కథా దొంగలకు వేసే శిక్షల పుస్తకమూ ఒకే చేతి మీదుగా తెలుగులోకి రావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా తోస్తుంది. మాటల సంగతికొస్తే, తాళంచెవికి మన పాత తెలుగుపేరు కుంచెకోల. ఆ మాట నిఘంటువులోనే మిగిలిపోయింది, చెవి మాత్రం ఇంకా మన జేబులో ఉన్నది.

సాహిత్యం తాళాన్నీ దొంగనూ చూసింది. ధర్మశాస్త్రం మూడో ప్రశ్న వేసింది: సొమ్ము పోయాక దాని వెల ఎవరు కట్టాలి? మనువూ యాజ్ఞవల్క్యుడూ చెప్పినది, కౌటిల్యుడు ఒప్పినది ఒకటే. దొంగలెత్తుకుపోయిన సొమ్మును రాజు తిరిగి ఇప్పించాలి, రాబట్టలేకపోతే తన బొక్కసం నుంచి ఇవ్వాలి. ప్రజల దగ్గర పన్ను పుచ్చుకున్నవాడికి అది బాకీ. నిజంగా ఎందరు రాజులు ఇచ్చారో గాని సూత్రం మాత్రం అదే. దక్షిణదేశపు కావలి పద్ధతిలో ఆ సూత్రమే ఊరి స్థాయికి దిగింది. ఊరు కావలివాడికి మేర కొలిచేది, వాడు రాత్రుళ్ళు కాచేవాడు, దొంగతనం జరిగితే సొమ్ము పట్టి తేవాలి లేదా నష్టం భరించాలి. పాలెగాళ్ళు ఈ కావలి పేరు మీద వసూళ్ళు మితిమీరి చేసిన మాట నిజమే. 19వ శతాబ్ది తొలినాళ్ళలో మద్రాసు రాజధానిలో కుంపిణీవారు దాన్ని రద్దుచేసి తమ పోలీసును పెట్టారు. తలారి ఊరి నౌకరుగా మిగిలాడు గాని, పోయిన సొమ్ముకు పూచీ అన్నది మాయమయింది. 1860లో భారత శిక్షాస్మృతి చట్టమై 1862 మొదటి రోజు నుంచి అమలులోకి వచ్చింది. అదే 1860లో నిజాము భద్రాచలం తాలూకాను ఇంగ్లీషువారికి ధారాదత్తం చేశాడు. గోదావరికి ఆవలి ఒడ్డున కొత్త శిక్షాస్మృతి, ఈవలి ఒడ్డున మాకు నిజాము ఏలుబడి. కొత్త చట్టంలో దొంగతనానికి 379వ సెక్షను కింద మూడేళ్ళ దాకా ఖైదు ఉన్నది. సొమ్ము పోయినవాడికి రాజు బాకీపడ్డాడన్న ఊసు లేదు.

సైకిలు మన దేశంలోకి వచ్చేసరికి పరిస్థితి ఇది. 1885లో స్టార్లీ రూపొందించిన రోవరు సైకిలు, 1888లో డన్లప్ గాలి టైరు, ఈ రెండూ కలిసి నేటి సైకిలు అయ్యాయి. మనకు మొదట ర్యాలీ, హెర్క్యులిస్ వంటి సీమ సరుకు వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత మద్రాసు శివారు అంబత్తూరులో 1949లో టి.ఐ. సైకిల్స్, సోనిపట్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో వెలిశాయి. సైకిలు దొరబాబు చేతి నుంచి గుమాస్తా చేతికి, అక్కడి నుంచి రైతు చేతికి వచ్చింది. దానితోబాటే సైకిలు దొంగ కూడా వచ్చాడు.

పట్నం మొదట కల్పించిన గుర్తు బిళ్ళ. పురపాలక సంఘాలు, కొన్నిచోట్ల పంచాయతీలు, సైకిలుకు ఏటా పన్ను కట్టించుకుని అంకె కొట్టిన రేకుబిళ్ళ ఇచ్చేవి. దాన్ని హ్యాండిలుకో ముందు మడ్‌గార్డుకో బిగించుకోవాలి. బిళ్ళ లేని బండిని ఆపే బంట్రోతును చూసి సందుల్లోంచి పోయినవారు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుతారు. దాని ప్రయోజనం పన్ను రాబట్టడమే గాని దొంగను పట్టడం కాదు. అయినా అనుకోకుండా ఒక మేలు జరిగింది: ఈ అంకె గల సైకిలు ఫలానావారిది అన్న వ్రాత ఒక రిజిస్టరులో ఉండేది. క్రమంగా ఆ పన్ను పోయింది. అది పోయినందుకు ఎవరూ ఏడవలేదు, ఏడవవలసినదీ లేదు. కాని దానితో రిజిస్టరు కూడా పోయింది. హాలండులోనూ 1924 నుంచి 1941 దాకా ఇలాగే సైకిలు పన్నుకు రాగిబిళ్ళ ఉండేది. జపానువారు మాత్రం పన్నుతో సంబంధం లేకుండా, దొంగతనాన్ని అరికట్టడానికే సైకిళ్ళ నమోదు పెట్టుకున్నారు. 1994 నుంచి అది అక్కడ చట్టరీత్యా తప్పనిసరి. కొన్ననాడే దుకాణంలో నమోదు చేయించి చీటీ అంటిస్తారు. వీధిలో పోలీసు సైకిలును ఆపి ఆ అంకె చూస్తే చాలు, ఎవరిదో తేలిపోతుంది. మా ఊళ్ళో సైకిలు గంట చేసిన పనిని అక్కడ ఆ అంకె చేస్తున్నది.

మనకు రిజిస్టరు లేకపోయినా అంకె ఉన్నది. ప్రతి సైకిలు ఫ్రేము మీద, సీటు గొట్టం పైనో పెడళ్ళ ఇరుసు కిందనో, కర్మాగారంవారు కొట్టిన నంబరు ఉంటుంది. కొన్నవారిలో నూటికి ఒక్కరైనా దాన్ని వ్రాసి పెట్టుకుంటారా అన్నది నా అనుమానం. బదులుగా మనవారు చైనుకవరు మీద పెయింటరు చేత పేరూ ఊరూ వ్రాయించుకున్నారు. పూర్వం అది గొప్ప కోసం చేసిన పనిలా కనబడేది గాని అందులో తెలివి ఉన్నది. పేరున్న కవరును దొంగ ఊడబీకవలసి ఉంటుంది, కవరు లేని కొత్త సైకిలును చూసిన బేరగాడికి సందేహం కలుగుతుంది.

పట్నం కల్పించిన రెండవ ఏర్పాటు సైకిలు స్టాండు. దీని మీద ఎవరైనా ఒక గ్రంథమే వ్రాయవచ్చు. సినిమాహాలు పక్కన, రైల్వేస్టేషను ముందు, బస్టాండులో, ఆసుపత్రి ఆవరణలో, కోర్టు దగ్గర ఒక రేకుల పాక. సాధారణంగా ఏటా వేలంలో పాడుకున్న కంట్రాక్టరు, అతని కింద ఒక కుర్రవాడు. ఒకే అంకె గల రెండు బిళ్ళలు, ఒకటి హ్యాండిలుకు, ఒకటి మన చేతికి. బిళ్ళలు లేనిచోట అట్టముక్కను చింపి సగం బ్రేకు తీగలో గుచ్చి సగం మనకిస్తాడు. ఆట విడిచిపెట్టగానే అందరూ ఒక్కసారి పైబడతారు, వరుసలో ఒక సైకిలు ఒరిగితే చివరిదాకా అన్నీ పడిపోతాయి, పెడలు పుల్లల్లో ఇరుక్కుంటుంది, ఎవడో ఎవడినో తిడతాడు. కొత్తగూడెంలో రైలుస్టేషను పేరు భద్రాచలం రోడ్డు అని ఉంటుంది. ఊరు దాటి వెళ్ళవలసిన మా వైపువారు స్టేషను దగ్గరే సైకిలు అప్పగించి రైలెక్కేవారు. రెండుమూడు రోజులకు తిరిగి వచ్చేవారికి రాత్రుల లెక్కన వేరే కిరాయి. దూరం నుంచి వచ్చే ఉద్యోగికి స్టాండు చీటీ చేతిలో ఉన్నదంటే మనసుకు నిబ్బరం.

ఆ నిబ్బరానికి ఆధారం ఎంత? నాతో పనిచేసిన ఒక ఉపాధ్యాయుని సైకిలు ఒక పట్టణపు స్టాండులో పోయింది. చీటీ చేతిలో ఉన్నది, సైకిలు లేదు. కంట్రాక్టరు గోడ మీది వ్రాతను వేలితో చూపించాడు: వాహనాలకు యజమానులదే బాధ్యత. బస్సు పోని అడవి పల్లెలో ఉన్న తన బడికి ఆ వానాకాలమంతా ఆయన నడిచే వెళ్ళాడు. మరి డబ్బులు దేనికి పుచ్చుకున్నట్టు అన్న ప్రశ్న ఆనాటి నుంచి నన్ను వదలలేదు.

ధర్మశాస్త్రాలలో దీనికి రెండు జవాబులు దొరుకుతాయి. పద్దెనిమిది వ్యవహారపదాలలో రెండవది నిక్షేపం, అంటే నమ్మి ఒకరి వద్ద దాచిన సొమ్ము. నిక్షేపాన్ని దొంగలెత్తుకుపోతే దాచినవాడు ఇచ్చుకోనక్కరలేదని మనువూ యాజ్ఞవల్క్యుడూ చెప్పారు. కంట్రాక్టరుకు ఇంతకన్న ఏం కావాలి! కాని పశువుల కాపరి సంగతి వచ్చేసరికి శాస్త్రం స్వరం మారుతుంది. ఉదయం ఎన్ని పశువులను అప్పగించారో సాయంకాలం అన్నింటినీ అలాగే తిరిగి అప్పగించాలి. అతని అజాగ్రత్త వల్ల పోతే అతనే ఇచ్చుకోవాలి. దొంగలు బలవంతాన తోలుకుపోయినా, కాపరి కేకలు వేసి, వెంటనే యజమానికి కబురు చేసి ఉంటేనే తప్పు లేదు. భేదం ఎక్కడ ఉన్నది? నిక్షేపం దాచినవాడు స్నేహం కోసం దాస్తాడు, కూలి పుచ్చుకోడు. కాపరి కూలి పుచ్చుకుంటాడు. స్టాండువాడు డబ్బు తీసుకుని పొద్దున అప్పగించుకుని సాయంత్రం అప్పగించేవాడు. వాడు కాపరి గాని మిత్రుడు కాడు. గోడ మీద ఏమి వ్రాసుకున్నా వాడి ధర్మం మారదు.

ఇది పండితుని వాదం అనుకునేవారి కోసం నేటి చట్టం కూడా చెబుతాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను ప్రకారం, ఇతరుల వస్తువును అప్పగించుకున్నవాడు వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలి. ఆ జాగ్రత్త తీసుకున్నాక కూడా పోతే 152వ సెక్షను అతన్ని కాస్తుంది, తీసుకోకపోతే కాయదు. ఢిల్లీలోని ఒక పెద్ద హోటలులో 1998లో అప్పగించిన కారు పోయిన కేసులో సుప్రీంకోర్టు 2019 నవంబరులో తీర్పు చెప్పింది. వాహనం యజమాని పూచీ మీదే అని చీటీ మీద అచ్చు వేసినంత మాత్రాన, తన అజాగ్రత్త వల్ల పోయిన బండికి హోటలు బాధ్యత తప్పించుకోలేదని అందులో తేల్చింది. అది కారు, ఇది సైకిలు. న్యాయం ఒకటే అయినా ఇరవై ఏళ్ళు కోర్టులో పోరాడగల సైకిలు యజమాని ఎక్కడ ఉన్నాడు? అందుచేత చీటీ ఉన్నా సైకిలుకు తాళం వేయక తప్పదు.

తాళం విషయంలో మనవారిది ఒక పాత పొరపాటు. మన సైకిళ్ళకు దుకాణంలోనే బిగించి ఇచ్చే వెనుకచక్రం తాళం చక్రాన్ని తిరగనివ్వదు, అంతే. సైకిలును కదలనివ్వకుండా చేయదు. వెనుకవైపు పైకెత్తి ముందుచక్రం మీద నడిపించుకుపోవచ్చు, రిక్షాలో పడేసుకుపోవచ్చు. ఎవరైనా అడిగితే “తాళంచెవి పోయిందండీ” అంటే జాలిపడి ఒక చేయి వేసేవారు కూడా మన సమాజంలో ఉన్నారు! చక్రాన్ని బంధించడం వేరు, సైకిలును భూమికి బంధించడం వేరు. కాబట్టి గొలుసు ఫ్రేములోంచీ చక్రంలోంచీ పోయి, పెరకలేని దేనినో చుట్టుకోవాలి. గోడలో దిగిన ఇనుపకమ్మీ సరే. పైన ఏమీ లేని పొట్టి గుంజకు కడితే గొలుసుతో సహా ఎత్తి తీసుకుపోతాడు. ముందుచక్రాన్ని మాత్రమే గాడిలో పెట్టించుకునే స్టాండ్లు మన బడుల్లో, కార్యాలయాల్లో ఎక్కువ. వాటికి కడితే కట్టినట్టే ఉంటుంది, నట్లు విప్పి చక్రం వదిలేసి తక్కినది పట్టుకుపోతాడు. ఇంగ్లండులో షెఫీల్డు నగరం పేరుతో వాడుకలోకి వచ్చిన స్టాండు ఇంతకన్న చవక, ఇంతకన్న మేలు. లావుపాటి గొట్టాన్ని ధనుస్సులా వంచి రెండు కొనలూ కాంక్రీటులో పాతుతారు. ఏ గ్రామంలోని వెల్డింగు దుకాణంవాడైనా ఒక పూటలో చేయగల పని.

అమెరికాలో 1970ల మొదట్లో గొలుసుకు బదులు లాడం ఆకారపు ఉక్కు తాళం వచ్చింది. పేరు క్రిప్టోనైటు. 1972లో న్యూయార్కు వీధిలో ఒక సైకిలును ఈ తాళంతో నెల రోజులు వదిలేస్తే దొంగలు విడిభాగాలను ఊడదీసుకున్నారు గాని సైకిలును కదపలేకపోయారట. దానితో పేరు మోగిపోయింది. ముప్ఫై ఏళ్ళు గడిచాక, 2004లో, గుండ్రటి చెవి గల ఆ తాళాలు మామూలు బాల్‌పెన్ను గొట్టాన్ని దూర్చి తిప్పితే తెరుచుకుంటున్నాయని బయటపడింది. కంపెనీవారు పాతవి పుచ్చుకుని కొత్తవి ఇచ్చుకోవలసి వచ్చింది. జందెంతో తలుపు తెరవవచ్చన్న శర్విలకుడు ఇది వింటే ఎంత సంతోషించేవాడో! సైకిళ్ళ మరమ్మతులో ఆచార్యుడనదగిన షెల్డన్ బ్రౌన్ అనే అమెరికన్, 2008లో కాలం చేశాడు, ఒక కిటుకు చెప్పాడు. చిన్న తాళమైనా చాలు, వెనుకచక్రపు రిమ్మును ఫ్రేము వెనుక త్రికోణం లోపల స్తంభానికి కలిపి వేస్తే ఫ్రేము కూడా చిక్కినట్టే. చక్రం అందులోంచి బయటికి రాదు గనుక. అయితే సీటూ ముందుచక్రమూ ఊడేవి అయితే వాటి సంగతి వేరే చూసుకోవాలి.

తాళం ఎంత మంచిదైనా దొంగకు కాలవ్యవధి పెంచడమే దాని పని. ఆ వ్యవధిలో చూసేవాడు ఒకడు ఉండాలి. అందుకే సందు చివర నీడపట్టున పెట్టడం కన్న, టీకొట్టు ఎదుట ఎండలో పెట్టడం మంచిది. రోజూ ఒకేచోట ఒకే గంటకు పెట్టి పోయేవాడి దినచర్య దొంగకు ముందే తెలిసిపోతుంది. నేడు నగరాల అపార్టుమెంట్లలో పిల్లల గేర్ల సైకిళ్ళు పోయేది వీధిలో కాదు, సెల్లారులో. వాచ్‌మన్ ఉన్నాడు, కెమేరా ఉన్నది అన్న ధీమాతో తాళం వేయరు. పోయాక కెమేరాలో చూస్తే టోపీ పెట్టుకున్నవాడు ఒకడు తీరికగా తొక్కుకుపోతూ కనబడతాడు. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు.

1948లో ఇటలీలో డిసికా తీసిన సైకిలు దొంగల చిత్రాన్ని 1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. అందులో కథానాయకుడు ఇంట్లోని దుప్పట్లు కుదువబెట్టి సైకిలు విడిపించుకుని కొలువులో చేరిన మొదటి రోజే అది పోతుంది. పోలీసులు ఫిర్యాదు వ్రాసుకుంటారు, వెతుక్కోవడం నీ పని అంటారు. తండ్రీకొడుకులు పాతసామాన్ల సంతకు పోయి గంటలూ టైర్లూ ఫ్రేములూ చూస్తూ తిరుగుతారు. ఎందుకంటే పోయిన సైకిలు సైకిలుగా దొరకదు, ముక్కలుగా దొరుకుతుంది. అక్కడ రంగు పూస్తున్న ఒక ఫ్రేము మీద నంబరు అడుగుతారు, మనిషి చూపించడానికి ఒప్పుకోడు, పోలీసును పిలుస్తారు. నంబరు కలవదు. నాకు ఆ చిత్రంలో అన్నిటికన్న నచ్చిన ఘట్టం అదే. దొంగ సొమ్ము కొనేవాడు లేనిదే దొంగ లేడు. బిల్లు అడగకుండా సగం ధరకు పాతసైకిలు కొన్న పెద్దమనిషి, తెలిసి కొంటే, చట్టం దృష్టిలో దొంగకు సమానమైన శిక్షకు పాత్రుడు.

ఆమ్‌స్టర్‌డాంలో 1965లో కొందరు యువకులు విషయాన్ని తలకిందులు చేశారు. సైకిళ్ళకు తెల్లరంగు పూసి తాళాలు లేకుండా వీధుల్లో వదిలారు, ఎవరైనా తొక్కి ఎక్కడైనా వదిలేయవచ్చునని. పోలీసులు వాటిని జప్తు చేశారు. కారణం ఏమిటంటే, సైకిలును తాళం వేయకుండా వీధిలో వదలడం అక్కడి చట్టం ప్రకారం నేరం! ఆ పట్టింపే తరువాత ఆ దేశాన్ని వేరే దారి పట్టించిందేమో. 2019 నాటికి ఉట్రెక్ట్ రైల్వేస్టేషను కింద పన్నెండున్నర వేల సైకిళ్ళు పట్టే కాపలా శాల పూర్తయింది. మన హైదరాబాదులో 2023 అక్టోబరులో వెలుపలి వలయ రహదారి వెంబడి సౌరఫలకాల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. సంతోషమే. వ్యాయామానికి తొక్కేవాడు తిరిగి ఇంటికే వస్తాడు గనుక అతనికి స్టాండు అక్కరలేదు. ఆసుపత్రికీ అంగడికీ రైలుకూ తొక్కేవాడి సైకిలు ఎక్కడ నిలుస్తుందో మాత్రం ఇంకా ఎవరూ ఆలోచించినట్టు లేదు. పాత స్టాండ్లన్నీ మోటారుసైకిళ్ళతో నిండిపోయాయి, సైకిలు తెస్తే కుర్రవాడు గోడ మూల చూపిస్తున్నాడు.

2024 జూలై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయసంహిత వచ్చింది. దొంగతనం 303వ సెక్షను. అందులో కొత్తమాట ఒకటి ఉన్నది: పోయిన సొమ్ము విలువ అయిదువేల రూపాయలకు లోపు ఉండి, నిందితునికి అది మొదటి తప్పు అయి, సొమ్మునో దాని వెలనో తిరిగి ఇస్తే, శిక్ష సమాజసేవ. ఆకతాయి కుర్రవాడిని జైలుకు పంపకుండా సొమ్ము ఇప్పించే ఈ పద్ధతి నాకు నచ్చింది, పాత ధర్మశాస్త్రపు వాసన దీనికి కొంత తగిలింది. అయితే మామూలు నల్లసైకిలు కొత్తదైతే ఆ అయిదువేల గీతకు అటో ఇటో ఉంటుంది, పాతదైతే కిందే. వెల ఎంతో, సైకిలు ఎవరిదో రుజువు చేయవలసింది పోగొట్టుకున్నవాడే. ఠాణాలో వారు మొదట అడిగేది ఫ్రేము నంబరు, రెండవది కొన్న రసీదు. రసీదు మీద చాలా దుకాణాలవారు నంబరు వ్రాయరు. కొన్ననాడే అడిగి వ్రాయించుకుని, సైకిలును ఒక పక్కనుంచీ నంబరు దగ్గరనుంచీ ఫోనుతో రెండు ఫొటోలు తీసి, ఆ కాగితాన్ని రేషను కార్డు పెట్టిన చోటే పెట్టుకోండి.